నాలుగు పెళ్లిళ్లు, ఒకటే జాగ్రత్త: బెస్ ఆఫ్ హార్డ్‌విక్ ఆస్తి కథ

16వ శతాబ్దపు ఇంగ్లండు ధనవంతురాలు బెస్ ఆఫ్ హార్డ్‌విక్ (అసలు పేరు ఎలిజబెత్) మీద 18వ శతాబ్దపు ఆంగ్ల రచయిత హొరేస్ వాల్పోల్ ఓ చాటువు చెప్పాడు. నాలుగుసార్లు పెళ్లి పానుపు ఎక్కిందనీ, పోయిన ప్రతి మొగుడూ చివరి షిల్లింగుతో సహా ఆమెకే వదిలేసి పోయాడనీ దాని సారాంశం. చమత్కారం బాగానే ఉంది, లెక్కే తప్పింది. మొదటి భర్త పోయాక ఆమెకు రావాల్సిన కాస్త ఆదాయం కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. రెండో భర్త పోతూ పోతూ ఖజానాకు 5,000 పౌండ్లకు పైగా బాకీ మిగిల్చాడు. నాలుగో భర్త జమీందారీ ఆయన కొడుక్కి పోయింది. నిజంగా అన్నీ రాసిచ్చి పోయినవాడు మూడో ఆయన ఒక్కడే.

అయినా 1608లో ఎనభై ఏళ్ల వయసులో కన్నుమూసేనాటికి ఆమె ఇంగ్లండులో అత్యంత సంపన్నుల్లో ఒకరు. ఎలిజబెత్ రాణి తర్వాత అంతటి ధనవంతురాలు మరొకరు లేరని ఇప్పటికీ చెబుతుంటారు. డెర్బీషైర్‌లో అంతంతమాత్రపు భూస్వామి ఇంట పుట్టి, నలభై మార్కుల కట్నంతో (సుమారు 27 పౌండ్లు) జీవితం మొదలుపెట్టిన పిల్లకి ఇంత ఎలా కలిసొచ్చింది? అందం, అదృష్టం, గయ్యాళితనం అని పాతకాలం చరిత్రకారులు మూడు మాటల్లో తేల్చేశారు. ఆమె కాగితాలు చూస్తే మాత్రం వేరే సంగతి కనిపిస్తుంది. భర్త బతికుండగా, ఇద్దరి మధ్యా మాట మంచిగా ఉండగానే, రేపు తాను వితంతువైతే ఏం మిగలాలన్నది రాతకోతల్లో పెట్టించుకోవడం. పెద్ద కిటుకంటూ ఉంటే అదే.

ఆ జాగ్రత్త ఎందుకు కావలసొచ్చిందో తెలియాలంటే ట్యూడర్ రాజుల కాలపు (16వ శతాబ్దపు) చట్టాన్ని కాస్త చూడాలి. ఇంగ్లండు సాధారణ న్యాయం ప్రకారం పెళ్లయిన స్త్రీకి విడిగా ఉనికి లేదు. ఆమె నగలు, పశువులు, నగదు, సామాను, అన్నీ పెళ్లి రోజు నుంచే భర్తవి. భూమి ఆమె పేరిట వచ్చినా దాని ఆదాయం అతనిది. అతని అనుమతి లేకుండా వీలునామా రాయకూడదు, సొంతంగా ఒప్పందం చేసుకోకూడదు, దావా వేయకూడదు. భర్త చనిపోయిన మరుక్షణం ఇదంతా తిరగబడుతుంది. వితంతువు సొంతంగా భూమి కొనొచ్చు, అమ్మొచ్చు, అప్పివ్వొచ్చు, కోర్టుకీడ్చొచ్చు. పుట్టింట్లో ఉన్నప్పుడు తండ్రి చాటున, అత్తారింట్లో భర్త చాటున ఉండాల్సిన మనిషిని చట్టం తొలిసారి పూర్తి మనిషిగా లెక్కపెట్టేది భర్త పోయాకే. వినడానికి బాగోదు కానీ ఉన్న సంగతి అది.

వితంతువుకి దక్కేది రెండు దారుల్లో వచ్చేది. పాత దారి ప్రకారం భర్త భూముల్లో మూడో వంతు మీద ఆమెకు జీవితకాల హక్కు. అనుభవించవచ్చు, అమ్మడానికి లేదు. ఆమె పోయాక అది భర్త వారసులకే తిరిగిపోతుంది. ఆ వాటా తేల్చేలోపు భర్త ఇంట్లో నలభై రోజులు ఉండవచ్చని 13వ శతాబ్దపు హక్కుల పత్రం మాగ్నా కార్టా నాటి నుంచే ఉంది. కొత్త దారి పేరు జాయించర్. పెళ్లికి ముందే రెండు కుటుంబాలూ కూర్చుని, అమ్మాయి తెచ్చే కట్నానికి బదులుగా ఫలానా భూములు భార్యాభర్తలిద్దరి పేరిటా ఉంటాయని, భర్త ముందు పోతే ఆ ఆదాయం ఆమెదేనని రాసుకునేవారు. 1536లో వచ్చిన చట్టంతో, పెళ్లికి ముందే జాయించర్ రాసుకుంటే మూడో వంతు అడిగే హక్కు పోయింది. మగ పెళ్లివారికి ఇది లాభసాటి బేరం. ఎస్టేటులో మూడో వంతు కన్నా తక్కువలో సరిపెట్టేయొచ్చు. ఆడపిల్ల వైపు తెలివైన వాళ్లుంటే మాత్రం ఏయే భూములు, ఎంత ఆదాయం అన్నది ముందే గట్టిగా రాయించుకునేవారు.

రాసుకున్నంత మాత్రాన చేతికొస్తుందన్న భరోసా లేదు. 8వ హెన్రీ రాజు కొడుకు హెన్రీ ఫిట్జ్‌రాయ్ 1536లో చనిపోతే అతని భార్య మేరీ హోవర్డ్‌కి రావలసిన జాయించర్‌ని స్వయానా మామగారే, అంటే రాజే, ఆపేశాడు. దంపతులు కాపురం చేయలేదు కాబట్టి అది పూర్తి పెళ్లి కాదన్నది వాదన. నార్‌ఫోక్ డ్యూక్ కూతురు అయివుండీ ఆమె ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకోవాల్సి వచ్చింది. డ్యూక్ కూతురి గతే అదైతే, డెర్బీషైర్ మారుమూల నుంచి వచ్చిన అమ్మాయి సంగతి చెప్పక్కర్లేదు.

బెస్‌కి చట్టం దెబ్బ పసితనంలోనే తగిలింది. తండ్రి జాన్ హార్డ్‌విక్ 1528లో పోయాడు, అప్పటికామె చంటిపిల్ల. అన్న జేమ్స్ మైనరు. రాజుకి సైనిక సేవ చేయాలన్న షరతు మీద ఉన్న భూములకి వారసుడు మైనరైతే, అతనికి వయసొచ్చే దాకా భూమి ఆదాయమూ, అతని పెళ్లి కుదిర్చే హక్కూ రాజువే. రాజు ఆ హక్కుని డబ్బులిచ్చిన వాళ్లకి అమ్ముకునేవాడు. తండ్రి లేని పిల్లల గార్డియన్‌షిప్ బహిరంగంగా అమ్ముడుపోయే సరుకు. 1540లో దీనికోసం ప్రత్యేకంగా ఒక కోర్టే పెట్టారంటే ఖజానాకి ఎంత రాబడో ఊహించుకోవచ్చు. హార్డ్‌విక్ ఇంట్లో కూడా భూమిలో కొంత ఇలా పరాయి చేతుల్లోకి పోయింది. తల్లి రాల్ఫ్ లీచ్ అనే ఆయన్ని మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆయన అప్పులపాలై జైలుకెళ్లాడు.

మొదటి పెళ్లి 1543 ప్రాంతంలో. వరుడు పక్క ఊరి రాబర్ట్ బార్లీ. ఇద్దరూ చిన్నపిల్లలే, అతనికి పదమూడు పద్నాలుగేళ్లు. తండ్రి మంచాన పడితే కొడుక్కి తొందరగా పెళ్లి చేసేయడం ఆ రోజుల్లో మామూలే. తండ్రి పోయాక చేద్దామంటే పెళ్లి కుదిర్చే హక్కు రాజుకో, రాజు దగ్గర కొనుక్కున్నవాడికో పోతుంది మరి. 1544 డిసెంబరు 24న రాబర్ట్ చనిపోయాడు. వారసుడు అతని తమ్ముడు జార్జ్, వాడూ మైనరే. జార్జ్ గార్డియన్‌షిప్ కొనుక్కున్న సర్ పీటర్ ఫ్రెష్‌విల్ వితంతువుకి మూడో వంతు ఇవ్వనన్నాడు. పదిహేడేళ్లు కూడా సరిగ్గా లేని బెస్ దావా వేసింది. ఏడాదికి సుమారు 30 పౌండ్లు చేతికొచ్చేసరికి రెండేళ్లు దాటింది. ఏడాదంతా ఒళ్లొంచి పనిచేసినా కూలివాడికి పది పౌండ్లు కళ్లపడని రోజుల్లో అది చిన్న మొత్తమేమీ కాదు, ఐశ్వర్యమూ కాదు. డబ్బు కన్నా ఈ గొడవలో ఆమెకు దక్కిన పాఠమే ఎక్కువ అనిపిస్తుంది: వారసత్వంగా రావలసింది ఎప్పుడూ ఇంకొకడి చేతిలో ఇరుక్కుంటుంది.

రెండో భర్త సర్ విలియం కావెండిష్ ఆ సమస్యకి మందు తెలిసిన మనిషి. 8వ హెన్రీ క్రైస్తవ మఠాల్ని రద్దు చేసిన కాలంలో వాటి ఆస్తులు లెక్కగట్టే అధికారిగా పైకొచ్చాడు. తర్వాత రాజాంతఃపురానికి ట్రెజరర్. భూమి కాగితాల్లో ఎక్కడ ఏ మెలిక ఉంటుందో అతని కంటే తెలిసినవాళ్లు తక్కువ. అప్పటికే రెండుసార్లు భార్యలు పోయారు, వయసు నలభై దాటింది. లెస్టర్‌షైర్‌లోని బ్రాడ్‌గేట్‌లో, గ్రే కుటుంబం ఇంట్లో, 1547 ఆగస్టు 20న, అర్ధరాత్రి దాటాక రెండు గంటలకి పెళ్లి. ఆ ముహూర్తం వివరాన్ని కావెండిషే తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. లెక్కల మనిషి కదా.

బెస్ మాట మీద అతను దక్షిణాన ఉన్న భూముల్ని వదిలించుకుని ఆమె సొంత జిల్లా డెర్బీషైర్ వైపు భూములు కొనడం మొదలుపెట్టాడు. 1549లో 600 పౌండ్లకి చాట్స్‌వర్త్ ఎస్టేటు కొన్నారు. ఇక్కడే అసలు విషయం ఉంది. భూములు భార్యాభర్తలిద్దరి పేరిటా రాయించారు. ఇద్దరి పేరిట ఉన్న భూమి ఒకరు పోతే వారసత్వంగా కొడుక్కి దిగదు, బతికున్నవారి దగ్గరే ఉండిపోతుంది. వారసత్వమే జరగకపోతే మైనరు వారసుడన్న ప్రశ్నే రాదు, రాజు గార్డియన్‌షిప్ అమ్ముకోవడానికి ఆ భూమిలో ఏమీ ఉండదు. హార్డ్‌విక్ ఇంట్లో జరిగిందీ, బార్లీ ఇంట్లో జరిగిందీ చాట్స్‌వర్త్‌లో జరగకుండా ఒక్క వాక్యంతో తలుపు వేసేశారు. ఈ ఆలోచన భర్తదా, భార్యదా అని వాదించుకోవచ్చు. దెబ్బలు తిన్నది మాత్రం ఆమే.

1557 అక్టోబరు 25న కావెండిష్ చనిపోయాడు. ఎనిమిది మంది పిల్లల్లో ఆరుగురు బతికున్నారు, పెద్దమ్మాయికి తొమ్మిదేళ్లు. పోవడానికి కాస్త ముందే అతని ఖజానా లెక్కల్లో 5,237 పౌండ్ల తేడా తేలింది. తన కింద పనిచేసిన గుమాస్తా మోసం చేశాడని కావెండిష్ చెప్పుకున్నాడు. లెక్క తేలకముందే మనిషి పోయాడు, బాకీ వితంతువు నెత్తిన పడింది. మరుసటి ఏడాది పార్లమెంటు ముందుకొచ్చిన ఒక బిల్లు గట్టెక్కితే ఇలాంటి బాకీల కింద భూములు జప్తయ్యేవి. తనూ పిల్లలూ నాశనమైపోతామంటూ లాంగ్‌లీట్ యజమాని సర్ జాన్ థిన్‌కి బెస్ రాసిన ఉత్తరం మిగిలివుంది. చాట్స్‌వర్త్ అమ్మేసి అప్పు తీర్చుకుని బయటపడమనేవాళ్లు చుట్టూ ఉండే ఉంటారు. ఆమె అమ్మలేదు.

మూడో భర్త సర్ విలియం సెయింట్ లో, ఎలిజబెత్ రాణి అంగరక్షక దళానికి నాయకుడు. పెళ్లి 1559లో. ఈ ఒక్క పెళ్లిలో ప్రేమ ఎంతో, లెక్క ఎంతో చెప్పడం కష్టం. ఉత్తరాల్లో అతను ఆమెను చాట్స్‌వర్త్ పేరుతోనే ముద్దుగా పిలిచేవాడు. భార్యకి ఆ ఇంటి మీద ఉన్న పిచ్చిని అతను బాగానే అర్థం చేసుకున్నాడన్నమాట. రాణి దగ్గర అతనికున్న పలుకుబడితో 5,000 పౌండ్ల పాత బాకీ 1563లో 1,000 పౌండ్లకి దిగింది. అదీ అతనే కట్టాడు.

సెయింట్ లో తమ్ముడు ఎడ్వర్డ్‌కి ఈ పెళ్లి మింగుడుపడలేదు. అన్నకి కొడుకులు లేకపోతే ఆస్తి తనకొస్తుందని కూర్చున్నవాడు మరి. పెళ్లయిన కొత్తలో బెస్‌కి విషం పెట్టాడన్న అనుమానం అతని మీద పడింది. 1565 మొదట్లో అన్న లండన్‌లో హఠాత్తుగా చనిపోతే మళ్లీ అదే గుసగుస. నేరమేమీ రుజువు కాలేదు. వీలునామా తెరిస్తే ఆస్తంతా భార్యకే రాసివుంది. తమ్ముడు కోర్టుకెక్కాడు, పెద్దగా ఒరిగిందేమీ లేదు. మొదటి భార్య సంతానం కూడా ఖాళీ చేతులతో మిగిలింది. బెస్‌ని మెచ్చుకునేవాళ్లు ఈ సంగతిని చప్పుడు చేయకుండా దాటేస్తారు. మైనరు మరిది గార్డియను తన మూడో వంతు ఎగ్గొట్టబోతే కోర్టుకెక్కిన మనిషే, ఇరవై ఏళ్ల తర్వాత ఇంకొకరి పిల్లలకి రావలసినదాన్ని నిశ్శబ్దంగా అందుకుంది.

ముప్పై ఏడెనిమిదేళ్ల వయసు, చాట్స్‌వర్త్, సెయింట్ లో భూములు, అప్పుల్లేవు. ఇక పెళ్లి అవసరం లేని స్థితి. పైగా మళ్లీ పెళ్లంటే మళ్లీ భర్త చాటుకి వెళ్లడం, ఉన్నదంతా అతని చేతికివ్వడం. అయినా 1567లో ష్రూస్‌బరీ ఆరో ఎర్ల్ (ఎర్ల్ అంటే ఒక పెద్ద ప్రభువు బిరుదు) జార్జ్ టాల్బట్‌ని చేసుకుంది. ఇంగ్లండు ఉత్తరాన అతన్ని మించిన జమీందారు లేడు. ఈసారి ఒక పెళ్లితో ఆగలేదు. 1568 ఫిబ్రవరి 9న షెఫీల్డ్‌లో ఇంకో రెండు పెళ్లిళ్లు జరిగాయి. బెస్ పెద్దకొడుకు హెన్రీకి ఎర్ల్ కూతురు ఎనిమిదేళ్ల గ్రేస్‌తో, బెస్ కూతురు పన్నెండేళ్ల మేరీకి ఎర్ల్ రెండో కొడుకు గిల్బర్ట్‌తో. కుండమార్పిడి పెళ్లిళ్లు తెలిసిన పాఠకులకి ఇందులో వింతేమీ కనిపించదు. ఎవరు ముందు పోయినా, ఎవరికి పిల్లలు పుట్టినా పుట్టకపోయినా, డబ్బు రెండిళ్ల గోడల మధ్యే తిరుగుతుంది. (హెన్రీ, గ్రేస్ దంపతులకి పిల్లలు పుట్టలేదు. గిల్బర్ట్, మేరీలకి కూతుళ్లే బతికారు. ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉన్నా దానికీ ఒక హద్దుంది.)

ఏడాది తిరిగేసరికి ఇంటికి పెద్ద అతిథి దిగింది. స్కాట్లండ్ రాణి మేరీని బందీగా ఉంచే పని 1569 నుంచి ఎలిజబెత్ రాణి ఈ ఎర్ల్‌కే అప్పగించింది. పరివారంతో సహా ఆమె పోషణకి వారానికి 52 పౌండ్లిస్తామన్నారు. 1575లో దాన్ని 30కి కోసేశారు. ఇచ్చేది చాలక ఎర్ల్ సొంత డబ్బు పోస్తూ వచ్చాడు. పదిహేనేళ్లు అలా గడిచాయి. పేరుకి కోటలు, గనులు, వేల ఎకరాలు, చేతిలో మాత్రం నగదుకి కటకట.

ఆ కటకటలోంచే ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం పుట్టింది. పెళ్లి ఒప్పందం ప్రకారం బెస్ చిన్నకొడుకులు విలియం, చార్లెస్‌లకి వయసొచ్చాక ఎర్ల్ పెద్ద మొత్తాలు చెల్లించాలి. అవి దగ్గర లేవు. 1572 ఏప్రిల్‌లో ఒక దస్తావేజు రాసుకున్నారు: ఆ చెల్లింపుల నుంచి, బెస్ అప్పుల నుంచి ఎర్ల్‌కి విముక్తి. బదులుగా బెస్ తెచ్చిన భూములు విలియం, చార్లెస్‌ల పేరిట బదలాయింపు, బెస్‌కి వాటి మీద జీవితకాల హక్కు. ఆ రోజున ఎర్ల్‌కి ఇది మంచి బేరంగానే తోచి ఉంటుంది. నెత్తిన ఉన్న బాకీ దిగిపోయింది, పోయిన భూమి ఎలాగూ పెళ్లాం తెచ్చిందే. బెస్ వైపు నుంచి చూస్తే? భార్య పేరిట ఆస్తి ఉండకూడదని చట్టం అంటుంది సరే, కొడుకుల పేరిట ఉండకూడదని ఎక్కడా అనలేదు. భర్త బతికుండగానే భర్త చేతుల్లోంచి ఆస్తి బయటికొచ్చేసింది, అదీ అతని సంతకంతోనే.

మాట మంచిగా ఉన్నంతకాలం ఈ కాగితం బీరువాలో పడివుంది. 1583 ప్రాంతానికి భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోని స్థితికొచ్చారు. ఖర్చులు, బందీరాణి చుట్టూ పుట్టిన పుకార్లు, ఎర్ల్‌కి కీళ్లనొప్పుల బాధ, బెస్ చాట్స్‌వర్త్ మీద ఆపకుండా పోస్తున్న డబ్బు, అన్నీ కలిశాయి. ఆ కాగితం తాను అనుకున్నట్టు లేదని, తనని మోసగించి రాయించుకున్నారని ఎర్ల్ వాదన మొదలుపెట్టాడు. కౌలుదార్ల దగ్గర శిస్తు తన మనుషుల చేత వసూలు చేయించాడు. 1584 వేసవిలో మందీమార్బలంతో చాట్స్‌వర్త్ గుమ్మం ముందుకొచ్చాడు. చేతిలో బల్లెం, నడుముకి పిస్తోలుతో విలియం కావెండిష్ అడ్డం నిలబడి సవతి తండ్రిని లోపలికి రానివ్వలేదు. ఒక ఎర్ల్‌ని అలా అవమానించినందుకు అతన్ని జైల్లో పెట్టారు. ఇల్లు మాత్రం చేజారలేదు. సామానంతా బెస్ అప్పటికే హార్డ్‌విక్‌కి తరలించేసింది.

ఎస్టేట్లతో ఆగలేదు. 1586 నాటి వాదోపవాదాల్లో గోడలకి వేలాడే కుట్టుపని తెరలు కూడా జాబితాకెక్కాయి. అవి తన ఖర్చుతో, తన కుట్టుపనివాళ్లు చేసినవి కాబట్టి తనవే అన్నాడు ఎర్ల్. బెస్ వైపు జవాబు తీరిగ్గా, వివరంగా ఉంది. ఆ జరీ బట్ట పాతకాలపు చర్చి పూజారుల అంగవస్త్రాలది, కొన్నది సెయింట్ లో. కుట్టినది చాట్స్‌వర్త్‌లోని తన పరిచారికలు, గుర్రాలవాళ్లు, కుర్రాళ్లు. జీతమిచ్చి పెట్టుకున్న కుట్టుపనివాడు ఒకసారికి ఒక్కడే. ఏ గుడ్డ ఏ పెళ్లి నాటిదో, ఎవరి డబ్బుతో వచ్చిందో పాతికేళ్ల తర్వాత కూడా చెప్పగలిగేంత లెక్క ఆమె దగ్గర ఉంది. అంగవస్త్రాలు కత్తిరించి కుట్టిన ఆ తెరల మీది బొమ్మల్లో పెనెలోపి, లుక్రీషియా లాంటి పతివ్రతలున్నారు. భర్తతో అంత పోరు నడిపిన ఇంట్లో ఆ బొమ్మలు వేలాడటం చూస్తే నవ్వొస్తుంది.

రాణి నియమించిన పెద్దమనుషులు కాగితాలన్నీ చూసి 1580ల చివరికి ప్రధానంగా బెస్ పక్షానే తేల్చారు. 1572 దస్తావేజు నిలబడింది. భార్యని ఏలుకోమని ఎర్ల్‌కి చెప్పారు, అతను మొక్కుబడిగా కొన్నాళ్లు సరేనన్నాడు. 1590 అక్టోబరులో లిచ్‌ఫీల్డ్ బిషప్ ఒక ఉత్తరం రాసి నచ్చజెప్పబోయాడు. భార్య గయ్యాళి అన్న కారణంతో విడిపోవాలంటే ఇంగ్లండులో పెళ్లాంతో కాపురం చేసే మగాళ్లు ఎంతమంది మిగులుతారని ఆ ఉత్తరంలో మాట. బిషప్ హాస్యం పనిచేయలేదు. మరుసటి నెల 18న ఎర్ల్ చనిపోయాడు.

అరవై దాటిన వయసులో బెస్ నాలుగోసారి వితంతువు. ఈసారి వచ్చిన ఆదాయం ముందు మూడు పెళ్లిళ్లదీ కలిపినా సాటిరాదు. టాల్బట్ భూముల్లో తన వాటా జీవితాంతం ఆమెది. కొత్త ఎర్ల్ గిల్బర్ట్ ఆమె సవతి కొడుకూ, అల్లుడూ కూడా. తండ్రితో గొడవల్లో అత్తగారి వైపే మొగ్గినవాడు ఆస్తి చేతికొచ్చేసరికి అడ్డం తిరిగాడు. ఏటా ఇంత డబ్బు అత్తకి పోతోంటే అతని ఎస్టేటు గుల్లవుతోంది. చట్టం ఆమె పక్షాన ఉంది, అతను సణగడం కన్నా ఎక్కువ చేయలేకపోయాడు.

వితంతు వాటాకి ఉన్న అసలు లోపం అది జీవితకాలానికే పరిమితం కావడం. రేపు తాను పోతే టాల్బట్ భూమి టాల్బట్లకే పోతుంది, కావెండిష్ పిల్లలకి గజం కూడా రాదు. చాలామంది వితంతువులు ఆ ఆదాయంతో దర్జాగా బతికి వెళ్లిపోయేవారు. బెస్ మాత్రం తనది కాని భూమి మీద వచ్చే శిస్తుతో తనదయ్యే భూమి కొంటూ పోయింది. కొన్నవాటిని ఎక్కువగా విలియం పేరిట రాయించేది. అప్పులిచ్చేది, భూమి తనఖా పెట్టుకునేది, గడువు దాటితే స్వాధీనం చేసుకునేది. వోలటన్ హాల్ కట్టి చితికిపోయిన సర్ ఫ్రాన్సిస్ విలోబీ కూడా ఆమె దగ్గర అప్పు చేసినవాడే. పుట్టిల్లు హార్డ్‌విక్ సంగతి అంతకు ముందే తేలింది. అన్న జేమ్స్ 1581లో దివాలా తీసి లండన్‌లోని ఫ్లీట్ జైల్లో చనిపోతే, 1583లో 9,500 పౌండ్లకి ఆ ఎస్టేటు కొన్నారు. అప్పటికి భర్త బతికే ఉన్నాడు కాబట్టి అదీ కొడుకు విలియం పేరు మీదే.

అక్కడే 1590లో కొత్త ఇంటికి పునాది వేశారు. ఎర్ల్ పోయాక పని జోరందుకుంది, 1597 అక్టోబరు 4న ఆమె గృహప్రవేశం చేసింది. నమూనా రాబర్ట్ స్మిత్సన్‌దని చెబుతారు. గాజు బంగారంతో సమానమైన కాలంలో గోడల కన్నా కిటికీలే ఎక్కువున్న ఇల్లు. ఆరు బురుజుల నెత్తిన కిరీటంతో ఈ, ఎస్ అక్షరాలు, అంటే ఎలిజబెత్ ష్రూస్‌బరీ, మైళ్ల దూరానికి కనిపిస్తాయి. కట్టించినది భార్య కాదు, వితంతువు. భర్త బతికుంటే ఆ అక్షరాల పక్కన అతని అక్షరాలు కూడా ఉండేవి.

ఆమె పద్ధతి చూడాలంటే ఈ ఇంటి కోసం 1592లో జరిగిన ఒక కొనుగోలు చాలు. లార్డ్ ఛాన్స్‌లర్‌గా చేసిన సర్ క్రిస్టఫర్ హాటన్ అప్పుల్లో పోతే, అతని వారసుడి దగ్గర బైబిల్లోని గిడియన్ కథ నేసిన పదమూడు గోడ తివాచీలు 326 పౌండ్ల 15 షిల్లింగుల 9 పెన్నీలకి కొంది. వాటి మీద హాటన్ వంశ చిహ్నాలున్నాయి, వాటిని మార్పించుకోవాలి కదా అని బేరంలో 5 పౌండ్లు తగ్గించింది. తీరా కొన్నాక కొత్త నేత నేయించలేదు. తన చిహ్నాలు రంగులతో వేసిన గుడ్డముక్కల్ని పాతవాటి మీద కుట్టించి ఊరుకుంది. హార్డ్‌విక్ పొడవాటి గ్యాలరీలో అవి ఇప్పటికీ ఉన్నాయి. దేశంలో పెద్ద ధనవంతురాలు 5 పౌండ్ల దగ్గర చూపించిన ఈ పట్టే, మేస్త్రీల కూలీ లెక్కల పుస్తకాల కింద ఆమె స్వయంగా పెట్టిన సంతకాల్లోనూ కనిపిస్తుంది.

1601లో రాయించిన సామాను జాబితాలో ఆమె పడకగది కూడా ఉంది. చలికి దుప్పట్లు, రగ్గులు, తెరలు లెక్కలేనన్ని. రాసుకునే బల్ల, డబ్బాలు, పెట్టెలు. పుస్తకాలు అరడజను, పేరు రాసినవన్నీ భక్తి పుస్తకాలే. జాబితా అచ్చంగా వీలునామా కోసం రాయించినది. ఇంట్లో ఏ వస్తువు ఎవరికి, ఏది ఇంటితోనే ఉండిపోవాలి అన్నది అందులో తేల్చింది. డెర్బీలోని ఆల్ సెయింట్స్ చర్చిలో సమాధి కూడా బతికుండగానే చెక్కించి సిద్ధంగా పెట్టుకుంది. అది ఇంకొకరికి వదిలేసే రకం కాదు.

పంపకంలో మాత్రం ఆమె కాలం కన్నా ఒక్క అడుగు ముందుకేయలేదు. పెద్దకొడుకు హెన్రీతో పడలేదు. తండ్రి ఏర్పాటు ప్రకారం చాట్స్‌వర్త్ అతనికి పోక తప్పదు కాబట్టి, తన చేతిలో ఉన్నదంతా విలియంకి మళ్లించింది, చార్లెస్‌కి కొంత. కూతుళ్లకి భూమి లేదు. వాళ్లకి దక్కింది పెళ్లినాటి కట్నం, పెద్ద సంబంధాలు. భూమి ఇంటిపేరు వెంట పోవాలన్న సూత్రం వల్ల పసితనం నుంచీ నష్టపోయిన స్త్రీ, ఆ సూత్రాన్ని తన కొడుకుల కోసం మరింత బిగించింది. విలియం 1618లో డెవన్‌షైర్ ఎర్ల్ అయ్యాడు. తర్వాతి తరాల్లో ఆ ఇంటివాళ్లు డ్యూకులు. చార్లెస్ కొడుకు న్యూకాజిల్ డ్యూక్. గిల్బర్ట్ టాల్బట్ 1616లో కొడుకులు లేకుండా పోతే అతని భూములు ముగ్గురు కూతుళ్ల మధ్య ముక్కలయ్యాయి.

కాగితం పనిచేయని చోటు ఒకటుంది, అది సింహాసనం దగ్గర. 1574లో కూతురు ఎలిజబెత్‌ని లెనాక్స్ ఎర్ల్ చార్లెస్ స్టూవర్ట్‌కి ఇచ్చి చేసింది. అతనిది రాజరక్తం. రాణి అనుమతి లేని పెళ్లి కావడంతో వియ్యపురాలు లండన్ టవర్ జైలుకెళ్లింది. అల్లుడు రెండేళ్లకే పోయాడు, 1582లో కూతురూ పోయింది. మనవరాలు అర్బెల్లా మిగిలింది. లెనాక్స్ భూముల్లో ఆ పిల్లకి రావలసిన వాటా కోసం బెస్ ఎన్ని ఉత్తరాలు రాసినా అటు స్కాట్లండ్ గానీ, ఇటు ఎలిజబెత్ గానీ కదల్లేదు. తల్లికి ఏటా 400 పౌండ్లు, పిల్లకి 200 పౌండ్లు భత్యం ఇచ్చేవారు. తల్లి పోయాక ఆ 400 కూడా పిల్లకే ఇమ్మని అమ్మమ్మ అడిగింది, ఇవ్వలేదు. సింహాసనానికి దగ్గరి వారసురాలి చేతిలో సొంత భూమి ఉండటం ఏ పాలకుడికీ ఇష్టం లేదు. ఆస్తి లేదు, స్వేచ్ఛా లేదు. హార్డ్‌విక్‌లో అమ్మమ్మ కాపలాలో పెరిగిన అర్బెల్లా 1603లో రహస్యంగా పెళ్లి కుదుర్చుకుని పారిపోవాలని చూస్తే బెస్ వీలునామా తెరిపించి ఆమె పేరూ, ఆమెకు సాయం చేసిన హెన్రీ పేరూ కొట్టించింది. 1610లో అర్బెల్లా చివరికి విలియం సీమోర్‌ని పెళ్లాడింది, రాజు అనుమతి లేకుండానే. 1615లో టవర్‌లో ఖైదీగా చనిపోయింది. జాయించర్‌కీ, మూడో వంతుకీ, కోర్టుకీ ఆమె దాకా పని పడనే లేదు.